కలుపు చేపకు లెక్క కట్టిన శకుంతల గారు

మోదడుగు విజయ్ గుప్తా గారి పేరు మన సంఘాల్లో చాలామందికి తెలుసు. బాపట్లలో పుట్టి, బంగ్లాదేశ్ పల్లెల్లో ఇంటి వెనక గుంటల్లోనూ రోడ్డు పక్క పల్లాల్లోనూ ఆడవాళ్ల చేత చేపలు పెంచించి, 2005లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్న మనిషి. ఆయన తర్వాత పదహారేళ్లకు అదే బహుమతి మళ్లీ చేపల మీద పనిచేసిన ఒకరికి వచ్చింది. ఈసారి ఒక స్త్రీకి. ఆవిడదీ అదే సంస్థ, వరల్డ్‌ఫిష్. ఆవిడ తిరిగిందీ ఆ బంగ్లాదేశ్ చెరువు గట్ల మీదే. పేరు శకుంతలా హరక్‌సింగ్ థిల్‌స్టెడ్. గుప్తా గారిని తెలిసినవాళ్లలో పదోవంతు మందికి కూడా ఈవిడ తెలియదని మాకు అనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ముందే చెప్పేస్తాం, ఆవిడ తెలుగావిడ కారు. పేరు చూసి ఆశపడకండి. అయినా బరంపురంలో తరాలుగా ఉంటున్న మాలాంటి వాళ్లకూ, యానాంలో, హోసూరులో, బళ్లారిలో, షోలాపూరులో ఉన్న మీకూ ఆవిడ పుట్టుక కథ పరాయిగా ఉండదు.

1845 మే 30న ఫతేల్ రజాక్ అనే ఓడ కలకత్తా నుంచి బయల్దేరి ట్రినిడాడ్ దీవి చేరింది. అందులో ఉన్నది చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద వేలిముద్ర వేసిన మన దేశపు కూలీలు. ఆ రాకపోకలు 1917 దాకా సాగాయి. మొత్తం లక్షా నలభై వేల మందికి పైగా అలా వెళ్లారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్లిన భోజ్‌పురి వాళ్లు. మద్రాసు రేవు నుంచి వెళ్లిన అరవవాళ్లు, తెలుగువాళ్లు కొందరున్నారు. వాళ్లందరినీ కలిపి అక్కడ మద్రాసీలు అనేవారు. భాషలు రెండు మూడు తరాల్లో పోయాయి. మిగిలింది ఇంటిపేర్లు, పండగలు, వంటిల్లు.

అలాంటి వలస కుటుంబంలో, రిఫార్మ్ అనే చిన్న ఊళ్లో, 1949లో పుట్టారు శకుంతల గారు. వెస్టిండీస్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యవసాయం చదివి 1971లో పట్టా పుచ్చుకున్నారు. తర్వాత టొబాగో దీవిలో వ్యవసాయ శాఖలో ఉద్యోగం. ఆ కార్యాలయంలో ఆడమనిషి ఆవిడ ఒక్కరే. అక్కడే డెన్మార్క్ దేశస్థుణ్ణి పెళ్లి చేసుకుని ఆ దేశం వెళ్లారు. కోపెన్‌హాగెన్‌లోని పశువైద్య, వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పోషణ మీద పరిశోధన చేసి 1980లో డాక్టరేట్ పొందారు. ఒంటికి తిండి ఎలా పడుతుంది, తిన్నదాంట్లో ఎంత లోపలికి చేరుతుంది, ఎంత ఊరికే బయటికి పోతుంది, ఇదీ ఆవిడ చదువు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరం.

ఇక చెరువు సంగతి. ఆవిడ ఏం మార్చారో తెలియాలంటే అంతకు ముందు మన చెరువుల్లో ఏం జరుగుతుండేదో చెప్పుకోవాలి. అందులో మన ఒడిశాకే పెద్ద పాత్ర ఉంది. పాతకాలంలో చేపపిల్ల కావాలంటే వరదల్లో నదికి పోయి వలతో పట్టుకు రావాల్సిందే. వచ్చిన దాంట్లో ఏది బొచ్చె, ఏది శీలావతి, ఏది పనికిరాని పిల్ల, పెరిగితే గాని తెలిసేది కాదు. రోహుని మనవైపు శీలావతి అనీ, కట్లని బొచ్చె అనీ అంటాం కదా, ఆ జాతి చేపలు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. 1957 జులై 10న అంగుల్‌లో హీరాలాల్ చౌధురి గారు చేప మెదడు కింద ఉండే పీయూష గ్రంథి సారాన్ని సూదితో ఎక్కించి, కట్టేసిన నీటిలోనే గుడ్లు పెట్టించారు. అలీకున్హి గారు ఆయనతో కలిసి పనిచేసినవారు. ఇప్పటికీ జులై 10ని దేశమంతా చేపల రైతుల దినంగా జరుపుతున్నారంటే కారణం అదే.

ఆ సూదిమందుతో చేపపిల్ల ఊరూరా దొరికింది. 1970ల చివర నుంచి కొల్లేరు చుట్టుపక్కల కైకలూరు, ఆకివీడు వైపు వరి చేలు చెరువులయ్యాయి. తవుడు, నూనె తీసిన చెక్క కలిపి చిల్లులు పొడిచిన సంచుల్లో నింపి, వెదురు గుంజలకు కట్టి నీళ్లలోకి దించుతారు. చేపలు వచ్చి ఆ చిల్లుల దగ్గర నోరు పెట్టి లాక్కుని తింటాయి. ఎవరో పెద్ద ప్రయోగశాలలో కనిపెట్టింది కాదిది. మన రైతులు కుదుర్చుకున్న పద్ధతి. తిండి నీళ్లలో కరిగి వృథా కాదు, ఎంత తిన్నదీ సంచి చూస్తే తెలిసిపోతుంది. చేపల మేత మీద పుస్తకాలు రాసినవాళ్లు దీని గురించి ప్రత్యేకంగా రాశారు. ఆ చేప ఐసు పెట్టెల్లో లారీలెక్కి మా బరంపురం పక్క నుంచే హౌరాకు పోతుంది.

గొప్ప పనే. కాదనం. కాని ఆ పద్ధతిలో ఒక మెట్టు ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. చెరువులో బొచ్చె, శీలావతి, మోసు పిల్లలు వదిలే ముందు అందులో ఉన్న మిగతా చేపల్ని చంపెయ్యాలి. శాఖ వాళ్లు పంచే కాగితాల్లోనే ఉంటుంది ఆ మాట. ఇప్ప చెక్క వెయ్యి, లేదంటే బ్లీచింగ్ పౌడర్ చల్లు. తినే చేపల్ని తినే కొరమీను లాంటివి ఎలాగూ పోవాలి. వాటితోపాటు పరిగెలు, వేలెడంత వెండిరంగు చేపలు కూడా పోతాయి. ఆ చిన్నవాటికి పెట్టిన పేరు కలుపు చేపలు. పొలంలో కలుపు ఎలాగో చెరువులో అవి అలాగ. రైతు లెక్కలో అవి తవుడు దొంగలు. ఎకరానికి ఎన్ని టన్నులు అనే లెక్కలో వాటికి చోటు లేదు. బంగ్లాదేశ్‌లోనూ ఇంతే. అక్కడ రోటెనోన్ అనే మందు వేసి చెరువు శుభ్రం చేసేవారు.

శకుంతల గారు 1980ల్లో ఢాకా చేరేనాటికి ఇదీ పరిస్థితి. ఆవిడ వెళ్లింది చేపల కోసం కాదు. అతిసార వ్యాధుల మీద పరిశోధించే అంతర్జాతీయ కేంద్రం ఒకటి అక్కడ ఉంది. తిండి చాలక ఎండిపోయిన పిల్లల్ని అక్కడికి తీసుకొచ్చేవారు. వాళ్లకు తిండిపెట్టి నిలబెట్టే పని ఈవిడది. పిల్ల కోలుకుంటుంది, తల్లి ఊరికి తీసుకుపోతుంది, మళ్లీ అదే అన్నం, అదే ఉప్పు. ఏం పెడితే ఈ బిడ్డ మళ్లీ ఇక్కడికి రాకుండా ఉంటుంది అన్నది ఆవిడ ప్రశ్న. ఆ ప్రశ్నను పల్లెల్లో ఆడవాళ్ల దగ్గరికే తీసుకెళ్లారు. వాళ్లు చెప్పింది చిన్న చేపల గురించి. అవి తింటే పిల్లలకు బలం, తెలివి, చూపు అని. ముఖ్యంగా మోలా అనే చేప. బెంగాలీలు మౌరలా అంటారు.

ఇలాంటి మాట మన అమ్మమ్మలు, మామ్మలు ఎన్ని చెప్పలేదు! బాలింతకు ఫలానా చేప పెట్టు, పాలు పడతాయి అంటారు. మనం తలూపి ఊరుకుంటాం, లేకపోతే నవ్వేస్తాం. ఆవిడ ఆ రెండూ చెయ్యలేదు. చేప పట్టుకుని ప్రయోగశాలకు వెళ్లారు. ఆవిడ గొప్పంతా ఇక్కడ ఉందని మా అభిప్రాయం. నమ్మడం సులువు, కొట్టిపారెయ్యడం ఇంకా సులువు. తూచి చూడటం కష్టం.

తూచితే ఏం తేలింది? వంద గ్రాముల మోలాలో విటమిన్ ఎ 2500 మైక్రోగ్రాములు దాటింది. రోహు లాంటి పెద్ద చేపల్లో అది 100కు లోపే. తేడా పాతిక రెట్ల పైమాటే. విటమిన్ ఎ తక్కువైతే పిల్లలకు రేచీకటి వస్తుంది, ముదిరితే చూపే పోతుంది. మన దేశంలో 1970 నుంచి పిల్లల నోట్లో విటమిన్ ఎ మందు పోసే కార్యక్రమం నడిచిందంటే, దాని వెనక హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధన ఉంది. అంత పెద్ద సమస్య అది. దానికి పనికొచ్చే సరుకు ఇంటి వెనక గుంటలో ఈదుతుంటే మనం మందేసి చంపుతున్నాం.

ఇంకో సంగతి బయటపడింది. ఆ విటమిన్ చేపంతా పరుచుకుని లేదు. తొంభై శాతం దాకా కళ్లలోనూ పొట్ట భాగంలోనూ ఉంది. అంటే తల తీసేసి, పొట్ట గీకేసి వండితే పోషణ అంతా పెంటకుప్ప పాలు. అందుకని ఆవిడా, ఆవిడతో పనిచేసిన నన్నా రూస్ లాంటి పరిశోధకులూ చేపను మాత్రమే చూడలేదు, చేప కడిగే చేతిని కూడా చూశారు. ఏ ఇంట్లో ఎలా కడుగుతారు, ఏది పారేస్తారు, పళ్లెంలో ఏది మిగులుతుంది, ఇవన్నీ రాసుకున్నారు. జీవశాస్త్ర పరిశోధన కత్తిపీట దాకా రావడం మేము అరుదుగా విన్నాం.

తర్వాత ఎముక. చిన్న చేపను ముల్లు తియ్యకుండా నమిలి మింగుతాం. అందులో కాల్షియం ఉంటుందని ఎవరైనా చెబుతారు. ఒంటికి పడుతుందా అన్నది ప్రశ్న. ఆవిడ అసలు చదువు ఇదే కదా. బంగ్లాదేశ్ చిన్న చేపల్ని డెన్మార్క్‌లో కొందరికి తినిపించి, పాలు తాగినప్పుడు ఎంత కాల్షియం ఒంటికి పడుతుందో దానితో పోల్చారు. 1998లో అచ్చయిన ఆ పరిశోధనలో రెండూ ఇంచుమించు సమానమని తేలింది. పాలు కొనలేని ఇంటికి ఈ మాట ఎంత పెద్దదో ఆలోచించండి. అక్కడ అర లీటరు ప్యాకెట్టు కూడా పండగే.

ఇంతవరకూ బాగానే ఉంది. కాని రైతు ఊరుకుంటాడా? నీ విటమిన్ సరే, నా శీలావతి బరువు తగ్గితే అప్పు ఎవరు తీరుస్తారు అంటాడు. న్యాయమైన మాటే. మైమెన్‌సింగ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లతో కలిసి చెరువుల్లోనే పెంచి చూశారు. పెద్ద చేపలతోపాటు మోలా వదిలారు. పెద్ద చేపల దిగుబడి దెబ్బతినలేదు. పైగా మోలాకు పిల్ల కొనక్కర్లేదు. బొచ్చెలాగ సూదిమందు కోసం కాచుకోదు, చెరువులోనే ఏడాదికి రెండు మూడుసార్లు గుడ్లు పెట్టి తనంతట తానే పెరుగుతుంది. ఒకసారి వదిలితే వారానికి ఒకటి రెండుసార్లు కాస్తంత పట్టుకుని కూర వండుకోవచ్చు. పెద్దవి కోతకొచ్చాక అమ్ముకోవచ్చు. డబ్బు చేప వేరు, కూర చేప వేరు. రెండూ ఒకే నీళ్లలో.

కూర చేప అన్నాం కనక ఇంకో మాట. పెద్ద చేప ఇంట్లోకి వస్తే ముక్కలవుతుంది. తలకాయ ఎవరికి, నడిమి ముక్క ఎవరికి అని పంపకం మొదలవుతుంది. ఆ పంపకంలో చివరికి తినేది వండినావిడ. ఆవిడ పళ్లెంలోకి తోకో, వట్టి పులుసో వస్తుంది. ఇది బంగ్లాదేశ్ సంగతే కాదని మీకూ తెలుసు. చిన్న చేప అలా కాదు. గరిటెడు కూరలో అందరికీ పడుతుంది, ఎవరికీ ముక్క లెక్క ఉండదు. చంటిబిడ్డ తల్లికీ, ఆడపిల్లకీ దక్కుతుంది. శకుంతల గారు ఈ విషయం పదేపదే చెబుతారు. ఎకరానికి ఎన్ని టన్నులు అనే లెక్క ఈ పళ్లెం దగ్గరికి రాదు.

అంతా గెలుపే అనుకోకండి. ఢాకా మురికివాడల్లో చిన్నపిల్లలకు కొన్ని వారాలపాటు మోలా కూర పెట్టి, రక్తంలో విటమిన్ ఎ పెరిగిందా అని పరీక్షించారు. అనుకున్నట్టు పెరగలేదు. మోలాలో ఉన్న విటమిన్‌లో ఎక్కువ భాగం మామూలు రెటినాల్ కాదు, దానికి దగ్గరి చుట్టం లాంటి మరో రూపం. దాని శక్తి తక్కువ. 2008లో ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు అచ్చువేశారు. అచ్చువేసినవాళ్లలో ఆవిడ పేరూ ఉంది. ఇరవై ఏళ్లు ఒక చేపను పట్టుకుని తిరిగిన మనిషి, ఆ చేప ఒక పరీక్షలో నెగ్గలేదని తానే రాయడం చిన్న విషయం కాదు. ఆ దెబ్బతో వాదన మారింది కూడా. ఒక్క విటమిన్ పేరు చెప్పి చేపను అమ్మడం తగ్గింది. కాల్షియం, ఇనుము, జింకు, బి12, మంచి కొవ్వు, ఇవన్నీ ఒకే కొరుకులో దొరుకుతాయని, అన్నంతో ఆకుకూరతో కలిపి తింటే వాటిలో ఉన్నది కూడా ఒంటికి బాగా పడుతుందని చెప్పడం మొదలైంది. కంబోడియాలో ఎసోమస్ జాతి చిన్న చేపలో ఇనుము బాగా ఉందని తేల్చిన బృందంలోనూ ఆవిడ ఉన్నారు. ఒక్క చేప గొప్ప మందు అని కాదు, రకరకాల చిన్న చేపలు బతికి ఉండాలి అన్నది ఆవిడ చివరికి చేరిన చోటు. ఇది మొదటి మాట కంటే గట్టిదని మేము అనుకుంటాం.

2010లో ఆవిడ వరల్డ్‌ఫిష్‌లో చేరారు. ఆ సంస్థ ముఖ్య కార్యాలయం మలేసియాలోని పెనాంగ్‌లో ఉంది. నేపాల్, మయన్మార్, ఆఫ్రికా దేశాలు, మన ఒడిశా, అస్సాం దాకా ఆ పని పాకింది. గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ ఎండు చిన్న చేపలతో చట్నీ, పసిపిల్లలకు చేప పొడి లాంటివి తయారు చేయించారు. 2021 మే 11న ప్రపంచ ఆహార బహుమతి ప్రకటించారు. ఆ బహుమతి అందుకున్న ఆసియా మూలాల మొదటి మహిళ ఆవిడే.

మన ఒడిశా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఇక్కడ పంచాయతీ చెరువుల్ని మహిళా సంఘాలకు చేపల పెంపకానికి ఇవ్వడం కొన్నేళ్లుగా జరుగుతోంది. వరల్డ్‌ఫిష్ ఆ పనిలో రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి నడిచింది. కొన్ని చెరువుల్లో బొచ్చె, శీలావతితో పాటు మోలా కూడా వదిలించారు. మయూర్‌భంజ్ జిల్లాలో అంగన్‌వాడీ తిండిలో ఎండు చేప పొడి పెట్టి చూశారు. గుడ్డు పెట్టడానికే గొడవలు పడే రోజుల్లో చేప పొడి దాకా వెళ్లడం సాహసమే. చేప తినని ఇళ్ల పిల్లలకు పెట్టమని ఎవరూ అనరు. తినే ఇళ్ల పిల్లలకు పెట్టకపోవడానికి మాత్రం మాకు కారణం కనబడదు.

గోపాలపురం రేవులో, పూరీ పెంటకోటలో వల లాగేది మనవాళ్లే. ఒడియావాళ్లు నోలియాలు అంటారు, వాళ్లు ఇంట్లో మాట్లాడేది తెలుగు. తీరం వెంట మెత్తళ్లు, కవ్వళ్లు ఎండబెట్టి గంపల్లో మోసేది వాళ్ల ఆడవాళ్లు. సముద్రపు చిన్న చేప సంగతి కూడా చెరువు చేప సంగతే. మెత్తళ్లను తలతో ముల్లుతో తింటాం. ఇప్పుడు ఆ చిన్న చేప చాలాచోట్ల మనుషుల పళ్లెం దాకా రాకుండా కోళ్ల మేతకూ, రొయ్యల మేతకూ పోతోంది. మేతగా మారిన చేప తిని పెరిగిన రొయ్య ఓడెక్కి విదేశాలకు పోతుంది. డబ్బు వస్తుంది, నిజమే. ఆ డబ్బుతో పిల్లకు ఏం కొని పెడుతున్నాం అనేదే శకుంతల గారి లాంటి వాళ్లు అడిగే ప్రశ్న. బిస్కెట్ ప్యాకెట్టు అయితే లెక్క తిరగబడినట్టే.

ఇంకొక విషయం మమ్మల్ని పట్టుకుంది. మా పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతారు. చేపల పేర్లు అడిగితే రోహి, భాకుర్ అంటారు, శీలావతి, బొచ్చె అనరు. పెద్ద చేపకు కనీసం ఏదో ఒక భాషలో పేరుంది. చిన్నవాటికి ఒడియాలో అయితే చునా మాఛ, మన ఇళ్లలో అయితే ‘చిన్న చేపలు’, అంతే, అన్నిటికీ కలిపి ఒకటే ముద్దపేరు. పరిగె ఏది, జెల్ల ఏది, ఇసుక దొందు ఏది చెప్పగలిగేది గంప దించే అమ్మలే. ఏది చంటిబిడ్డ తల్లికి, ఏది జ్వరం తగ్గినవాడికి అని చెప్పగలిగేదీ వాళ్లే. ఢాకా పల్లెల్లో శకుంతల గారు విన్నది అలాంటి వాళ్ల మాటనే. అక్కడ ఆ చేపకొక పేరుంది కాబట్టి ఆవిడ దాన్ని పట్టుకోగలిగారు.

అందుకని మా సంఘం తరఫున ఒక పని పెట్టుకున్నాం. బరంపురం, ఛత్రపురం, గోపాలపురం ఇళ్లలో పెద్దవాళ్లను అడిగి చిన్న చేపల పేర్లు రాస్తున్నాం. మంచినీటివి వేరు, ఉప్పునీటివి వేరు. చిలికా చేపలది వేరే పట్టీ. ప్రతి పేరు పక్కనా ఎలా కడుగుతారు, తల ఉంచుతారా తీస్తారా, ఏ కూరలో వేస్తారు, ఎవరికి పెడతారు, ఎవరికి పెట్టరు అన్నవి రాస్తున్నాం. యానాం వాళ్లు గోదావరి పాయల్లో దొరికేవి పంపండి. పులస గురించి వద్దు, దాని గురించి మీరు చెప్పకుండా ఎలాగూ ఉండరు. వేలెడంత చేపల గురించి రాయండి. బళ్లారి, హోసూరు వాళ్లు మీ చెరువుల్లోవి రాయండి. షోలాపూరు వాళ్లకు చేప దూరమైతే, మీ మామ్మలు చెప్పిన పేర్లు రెండు గుర్తున్నా చాలు. ఫొటో ఉంటే ఇంకా మంచిది, పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి తియ్యండి, సైజు తెలుస్తుంది.